గుంటూరు వైద్యురాలు డాక్టరు అన్నా కుగ్లరమ్మ

ధ్యాన భాగములు: మార్కు 5:21-43, లూకా 22:24-27



మన గ్రామ సంఘములలోని ఆడపిల్లలు అనేకులు ఈ దినములలో చదువుకొని పట్నమునకు పోవుచున్నారు. వేకువ బండికి నాంపల్లి స్టేషనులో దిగి, అబిడ్స్ ఆఫీసులకును బడులకును, హిమాయత్‌నగర్ ఆసుపత్రులకును పనికి పోవువారు మన ఎరుకలోనే ఎందరో ఉన్నారు. మొదట చిన్న పనిలో చేరుదురు. కొన్ని ఏండ్లు గడచునప్పటికి ఒకతె హెడ్ నర్సు అగును, ఒకతె ప్రధానోపాధ్యాయిని అగును, ఇంకొకతె చేతిక్రింద పదిమందో ఇరువదిమందో పనిచేయుచుందురు. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు ఈ బిడ్డలు పెద్దలను అడుగు ప్రశ్న ఒకటి ఉన్నది. మెత్తగా ఉన్నయెడల క్రిందివారు మాట వినరు. గట్టిగా ఉన్నయెడల, ఈమె గుడికి పోవు మనిషేనా అని గుసగుసలాడుదురు. అట్లయిన విశ్వాసురాలు అధికారమును ఎట్లు చేతపట్టవలెను?

దీనికి సూత్రములు వ్రాసి పంపుటకంటె ఒక స్త్రీ ఎట్లు పనిచేసెనో చెప్పుట మేలని మాకు తోచినది. ఆమె మన దేశములో పుట్టలేదు. అయినను ఆయుష్షులో పెద్ద భాగము గుంటూరులో గడపి అక్కడనే కన్నుమూసెను. ఆమె కట్టించిన ఆసుపత్రిని గూర్చి మీలో కొందరు వినియుందురు. ఆ పనిలోనికి ఆమె ఏ ద్వారమున ప్రవేశించెనో ఎరిగినవారు మాత్రము తక్కువ.

అన్నా సారా కుగ్లరు 1856వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున ఆర్డ్‌మోర్ అను ఊరిలో జన్మించెను. ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో చదివి 1879లో పట్టా పుచ్చుకొనెను. ఈ మాట ఒక్క పంక్తిలో చెప్పివేసితిమి గాని ఆ కాలములో అది సులువైన సంగతి కాదు. 1850లో స్థాపింపబడిన ఆ కళాశాలను చాలమంది వైద్యులు లెక్కపెట్టలేదు. 1869లో అక్కడి విద్యార్థినులు పట్టణములోని పెద్ద ఆసుపత్రిలో పాఠము వినుటకు వెళ్లగా, మగ విద్యార్థులు కేకలు వేసి ఎగతాళి చేసి వారిని అవమానపరచిరి. స్త్రీ వైద్యము నేర్చుకొనుటయే తప్పన్నట్లు చూచినది మన దేశము ఒక్కటియే కాదని పాఠకులు గమనింతురు గాక.

చదువు ముగిసిన తరువాత ఆమె నారిస్‌టౌన్‌లోని మతిభ్రమణ రోగుల ప్రభుత్వ ఆసుపత్రిలో, స్త్రీల విభాగమున సహాయ వైద్యురాలుగా చేరెను. ఆ విభాగమునకు అధికారిణి డాక్టరు ఆలిస్ బెన్నెట్టు. 1880లో ఆ పదవికి వచ్చిన బెన్నెట్టమ్మ, రోగులను కట్టివేయు పట్టాలను, బిగించు అంగీలను విడిచిపెట్టించి, వారి చేతులకు ఏదైనను పని కల్పించెను. పిచ్చివారిని కట్టకుండ ఎట్లు అదుపులో ఉంచుదురని అందరును అడిగిన కాలమది. పెద్ద ఆసుపత్రి నొకదానిని ఒక స్త్రీ నడపుట, కట్లు లేకుండ నడపుట, కుగ్లరమ్మ యౌవనములోనే కన్నులార చూచెను. పిమ్మట గుంటూరులో ఆమె చేసిన పనిని చదువునప్పుడెల్ల ఈ మొదటి పాఠము మా జ్ఞాపకమునకు వచ్చుచుండును.

1882లో గుంటూరునుండి ఒక ఉత్తరము వచ్చెను. అక్కడ లూథరను మిషనులో పనిచేయుచున్న రో అను మిషనెరీ, ఇక్కడి స్త్రీలకు స్త్రీ వైద్యురాలు ఎంత అవసరమో వివరించి ఆమెకు వ్రాసెను. గుంటూరులో లూథరను సేవ కొత్తది కాదు. హయ్యరు అయ్యగారు 1842 జూలై 31న అక్కడికి వచ్చి దానిని ప్రారంభించియుండిరి. అయితే నలువది ఏండ్లు గడచినను గోషాలోని స్త్రీలను, ప్రసవ వేదనలోని స్త్రీలను తాకి వైద్యము చేయగల వైద్యురాలు ఆ మిషనులో లేదు. పురుష వైద్యుని ఎదుటికి ఆ స్త్రీలు రారు, ఇంటివారు రానియ్యరు.

కుగ్లరమ్మ సిద్ధపడెను. అమెరికాలోని లూథరను స్త్రీల మిషనెరీ సంఘము మాత్రము సిద్ధముగా లేదు. వైద్యపని అనిన ఆసుపత్రి కావలెను, మందులు కావలెను, ఏటేట ఖర్చు కావలెను. అంత భారము ఇప్పుడు మోయలేమనిరి. ఆమె వెళ్లదలచినయెడల, జనానాలలో స్త్రీలకు చదువు చెప్పుటకు వెళ్లవచ్చుననిరి. పట్టా పొంది, ఆసుపత్రిలో పనిచేసిన వైద్యురాలికి అక్షరములు దిద్దించు పని ఇచ్చిరన్నమాట.

ఇక్కడ మనము కొంచెము నిలువవలెను. మన బిడ్డలకు పనిస్థలములలో ఎదురగు మొదటి దెబ్బ ఇదియే. చదివినది ఒకటి, ఇచ్చిన పని ఇంకొకటి. అట్టి సమయమున కొందరు అలిగి ఇంటికి వచ్చెదరు; కొందరు పని చేయుదురు గాని సగము మనస్సుతో చేయుదురు. కుగ్లరమ్మ ఇచ్చిన పనిని ఒప్పుకొనెను. అయితే మందులును వైద్యపు పనిముట్లును కొన్ని పెట్టెలో సర్దుకొని తెచ్చెను! ఇది లోబడుటయా, మొండితనమా అని ఎవరైన అడిగినయెడల, రెండును ఉన్నవని మేము చెప్పుదుము. పెద్దలు పొమ్మన్న పనికి పోయెను. దేవుడు తన చేతికిచ్చిన విద్యను మాత్రము ఆ పెద్దల కాగితముకొరకు అటకమీద పెట్టలేదు. తలాంతును భూమిలో దాచిన దాసుని కథ ఎరిగినవారికి ఇందులో వింత కనబడదు.

1883 ఆగస్టులో ఆమె ఓడ ఎక్కెను. దీనికి రెండు నెలల ముందే, జూన్‌లో, మన దేశమునుండి ఆనందీబాయి జోషి అను మహారాష్ట్ర యువతి అమెరికాకు చేరెను. కుగ్లరమ్మ చదివిన ఆ కళాశాలలోనే చదివి 1886లో పట్టా పొందెను. ఒకరు అటునుండి ఇటు, ఒకరు ఇటునుండి అటు, ఒకే ఏట సముద్రములు దాటిరి. ఆనందీబాయి స్వదేశమునకు తిరిగివచ్చి 1887లోనే, ఇరువది రెండేండ్ల ప్రాయము నిండకమునుపే చనిపోయెను. ఆ తల్లికి దొరకని ఏండ్లు ఈమెకు దొరకినవి.

1883 నవంబరు 29న కుగ్లరమ్మ గుంటూరు చేరెను. అప్పటికి గుంటూరుకు రైలు లేదు. గుంటూరు జిల్లాయును లేదు, ఆ ఊరు కృష్ణా జిల్లాలోనిది. కొత్త దొరసాని వచ్చినదని ఊరిలో చెప్పుకొనిరి. దొరసాని అను మాటలో మన పల్లెలవారికి మర్యాద ఎంతయో దూరము అంతే. ఆ దూరమును దాటుటకు ఆమె మొదట తెలుగు నేర్చుకొనవలసివచ్చెను. జనానాలకు పోయి చదువు చెప్పెను. హిందూ బాలికల బడులను చూచుకొనెను. ఈ పనుల నడుమనే మొదటి సంవత్సరములో రోగుల ఇండ్లకు పోయి 185 మందికిని, తాము నివసించు ఇంటికి వచ్చిన 276 మందికిని వైద్యము చేసెను. ఆసుపత్రి లేదు. వైద్యురాలు అను పదవియు లేదు. ఉన్నది తెచ్చుకొన్న పెట్టె మాత్రమే.

ఆ 461 మందిని గూర్చి ఆలోచించుడి. ఆ కాలమున అగ్రవర్ణముల ఇండ్లవారి కంటికి ఆమె అంటరాని మనిషి. గోమాంసము తిను దేశమునుండి వచ్చినది, మాలపల్లె మాదిగపల్లెలవారితో కలిసి కూర్చుండునది. ఆమె వచ్చిపోయిన పిమ్మట స్నానములు చేసి ఇల్లు శుద్ధి చేసికొనుట వారి ఆచారము. ఆమె ఆ స్నానములను తనకు జరిగిన అవమానమని ఎంచుకొని రోగిని విడిచిపెట్టి రాలేదు. పిలిచినప్పుడెల్ల మరల పోయెను.

పురిటి గదియొక్క సంగతి మన తల్లులకు వేరుగ చెప్పనక్కరలేదు. పూర్వము అది ఇంటిలో చీకటి మూల. మైల అని అయినవారే గడప అవతల నిలుతురు. కాన్పు కష్టమైనయెడల మంత్రసాని చేతనైనది చేయును, తరువాత దేవుడే దిక్కు. తల్లియు బిడ్డయు కూడ పోయిన ఇండ్లు ప్రతి ఊరిలోను ఉండెడివి. ఈ వైద్యురాలు చేసిన మొదటి పని, ఎవరును తాకని మనిషిని తాకుట.

మార్కు సువార్త 5వ అధ్యాయమును ఈ నెల కుటుంబ ప్రార్థనలో నెమ్మదిగా చదువుడి. సమాజమందిరపు అధికారియైన యాయీరు ప్రభువును తన ఇంటికి తీసికొనిపోవుచున్నాడు. అతని కుమార్తె చావనైయున్నది. దారిలో పండ్రెండేండ్లనుండి రక్తస్రావముతో బాధపడుచున్న స్త్రీ వెనుకనుండి వచ్చి ఆయన వస్త్రమును ముట్టెను. లేవీయకాండము 15వ అధ్యాయము చొప్పున ఆమె ముట్టినదెల్ల మైల. ఆమె అనేక వైద్యులయొద్ద ఉన్న ధనమంతయు పోగొట్టుకొన్నది. ప్రభువు నిలిచెను. పెద్దమనిషి వేచియుండెను. ఆమెతో మాటలాడి, కుమారీ అని పిలిచి, సమాధానముతో పంపిన పిమ్మటనే అధికారి ఇంటికి నడిచెను. అధికారి బిడ్డకును లోటు చేయలేదు. ఆమెను చెయ్యి పట్టి లేపెను. ఎవరి వంతు ఎప్పుడో నిర్ణయించునది ఎవరి హోదాయును కాదు, ఎవరి మైలయును కాదు. ఆసుపత్రిలో చీట్లు వ్రాయు బల్లయొద్ద కూర్చుండు మన చెల్లెండ్రకు ఈ అధ్యాయము ప్రతి ఉదయము పనికివచ్చునని మా నమ్మకము.

1885 డిసెంబరులో స్త్రీల మిషనెరీ సంఘము ఆమెను వైద్య మిషనెరీగా నియమించెను. రెండేండ్లు ఆమె చేసిన పనికి పేరు తరువాత వచ్చినది. ఆ సంవత్సరమే వైస్రాయి భార్య లేడీ డఫరిను పేరిట, భారత స్త్రీలకు స్త్రీ వైద్యము అందించుటకు ఒక నిధి ఏర్పడెను. ఉత్తరదేశమున బరేలీలో క్లారా స్వెయిను అను మెథడిస్టు వైద్యురాలు 1870నుండియే పని మొదలుపెట్టియుండెను. కాలము మెల్లగా తిరుగుచుండెను.

1889లో ఆమె సెలవుమీద స్వదేశమునకు పోయెను. అక్కడ విశ్రమించినదానికంటె ఆసుపత్రికొరకు మాటలాడినదే ఎక్కువ. పల్లెటూళ్లలోను పట్టణములలోను ఉన్న లూథరను సంఘముల స్త్రీలు చిన్న చిన్న కానుకలు పోగుచేసిరి. ఇది మనకు తెలియని పద్ధతి కాదు. పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడెల్ల మన తల్లులు పిడికెడు బియ్యము ప్రభువు పనికి తీసి పక్కన పెట్టుదురు గదా. ఆ బియ్యముతో ఎన్ని గుడుల గోడలు లేచినవో లెక్క వ్రాసినవారు లేరు. గుంటూరు ఆసుపత్రియును అట్టి పిడికెళ్లమీదనే లేచినది. 1893లో మందుల గృహము తెరువబడెను. 1898 జూన్‌లో 50 పడకల ఆసుపత్రి తెరువబడెను. ఆమె గుంటూరులో కాలుపెట్టి పదునాలుగేండ్లు దాటినవి. యౌవనములో వచ్చిన స్త్రీకి నలువది రెండేండ్లు వచ్చినవి.

ఇప్పుడు ఆమె చేతిక్రింద మనుష్యులున్నారు. ఇక్కడనే మన బిడ్డల ప్రశ్న మొదలగుచున్నది.

1890ల నడుమ కేథరిన్ ఫాస్ అను నర్సమ్మయు, డాక్టరు మేరీ బేరు అను వైద్యురాలును వచ్చి చేరిరి. వారు కాక తెలుగు క్రైస్తవ స్త్రీలు అనేకులు అక్కడ పనిచేసిరి. నర్సుపని అనిన నేడు మర్యాదగల ఉద్యోగము. ఆనాడు అట్లు కాదు. పరుల మలమూత్రములు ఎత్తుట, నెత్తురు గుడ్డలు మార్చుట, రాత్రి పరుల మంచముయొద్ద మేలుకొనుట, ఇవి ఏ కులమువారును తమ ఆడబిడ్డలచేత చేయింప ఒప్పుకొనని పనులు. మన సంఘముల కుమార్తెలు మొదట ఒప్పుకొనిరి. బడికి పోవుటకే దారిలేని వాడలనుండి వచ్చిన పిల్లలు జ్వరమును కొలుచుట, మందును చుక్క లెక్కన పోయుట, చేతులు కడిగి గాయము ముట్టుట నేర్చుకొనిరి. దక్షిణ హిందూదేశమున నర్సుల వరుసలలో ఇన్ని క్రైస్తవ నామములు వినబడుటకు ఇట్టి ఆసుపత్రులే కారణము.

ఇట్టి చోట అధికారి ఒక పనిని నీచమని తలచినయెడల, క్రిందివారు ఆ పనిని ముఖము ముడిచి చేయుదురు. రోగి ఆ ముఖమును చూచును. లూకా 22వ అధ్యాయమున ప్రభువు, తమలో ఎవడు గొప్పవాడని వాదించుకొను శిష్యులతో చెప్పినది ఈ సంగతియే. భోజనపంక్తిలో కూర్చున్నవాడే గొప్పవాడని లోకము తలచును; తాను మాత్రము పరిచర్య చేయువానివలె వారిమధ్య ఉన్నానని చెప్పెను. అయితే ఒకటి మరువకుడి. పరిచర్య చేయువాడు పంక్తిని చెదరిపోనియ్యడు. వడ్డన ఆలస్యమైన ఆకలిగొన్నవాడు లేచిపోవును. మందు ఇచ్చు వేళ తప్పిన రోగి చచ్చిపోవును. మెత్తదనము పేరిట వేళ తప్పనిచ్చుట దీనత్వము కాదు. తప్పిన నర్సును అందరి ఎదుట చిన్నబుచ్చి మాటలాడుటయు కట్టుదిట్టము కాదు. ఈ రెంటి నడుమ నడచుట ప్రతి దినము క్రొత్తగా నేర్చుకొనవలసిన పని. ఇందుకు అడ్డదారి ఉన్నదని మేము ఎక్కడను చదువలేదు.

ఆసుపత్రికి వచ్చువారిలో అన్ని కులములవారును అన్ని మతములవారును ఉండిరి. వైద్యమునందు భేదము లేదు. మరి అన్నము సంగతి? హిందువులు, అందులోను ఆచారపరులు, మిషను వంటశాలలో వండినది తినరు. రోగితో వచ్చిన బంధువులు చెట్లక్రింద పొయ్యి పెట్టుకొనవలసివచ్చెను. ఏలూరు జమీందారులైన రాజా భుజంగరావు గారు తమ రాణిగారికి ఆ ఆసుపత్రిలో జరిగిన వైద్యమునకు కృతజ్ఞులై, రోగుల బంధువులు దిగి తమ ఆచారము చొప్పున వండుకొని తినుటకు ఒక సత్రము కట్టించి ఇచ్చిరి. దీనిని గూర్చి విశ్వాసులలో రెండు తలంపులు ఉండవచ్చును. క్రైస్తవ ఆసుపత్రి ప్రక్కన కుల నియమమునకు చోటిచ్చుట తగునా అని కొందరు అడుగుదురు. మాకు తోచినది ఇది: పడకలయొద్ద ఆమె కులమునకు తావియ్యలేదు, వంటయొద్ద మనిషి మనస్సాక్షిని బలవంతపెట్టలేదు. భయములో ఉన్న రోగిని అన్నము మిషతో లొంగదీయుట సువార్త కాదు. తాకితే మైల అనుకొన్న జనులలోనుండియే ఆ సత్రము కట్టించిన చెయ్యి వచ్చినదని కూడ జ్ఞాపకముంచుకొనుడి.

ప్రభుత్వమువారు ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకమును ఇచ్చిరి. దానిని గూర్చి పొడిగించి వ్రాయము.

ఒక లోటును మాత్రము దాచుట న్యాయము కాదు. ఆ కాలపు మిషను ఏర్పాటులో పెద్ద పదవులు చాలవరకు దొరలవి, దొరసానులవి. తెలుగు స్త్రీలు ఎంత నేర్చినను ఎంత నమ్మకముగ పనిచేసినను, పైమెట్టు వారికి చాలకాలము అందలేదు. ఆ స్త్రీలలో అనేకుల పేర్లే మనకు దక్కలేదు. రాత్రి దీపము పట్టుకొని నిలిచిన ఆ అక్కలను విడిచి, ఒక్క అమ్మగారినే పొగడుట ఆమెకును ఇష్టము కాకపోయియుండును. 1928లో ఆమె ప్రచురించిన పుస్తకమును చూడుడి. అందులో తన బ్రదుకంతయు ఉన్నది. దాని పేరుమాత్రము గుంటూరు మిషను ఆసుపత్రి.

పని గుంటూరులో ఆగలేదు. డాక్టరు బేరమ్మ చీరాలలో వైద్యసేవను ఆరంభించెను. అక్కడి ఆసుపత్రికి ఆమె పేరే నిలిచినది. తనతో పనిచేసినవారిని తన నీడలోనే ఉంచుకొను అధికారులు కొందరుందురు. నేర్పుగలవారు దూరమైన చేతిపని తగ్గునని వారి భయము. నీడ విడిచి పోనిచ్చిన చెట్టు క్రింద మొలక చెట్టగును. ఆఫీసులలో పదిమందిపై ఉన్న మన అక్కచెల్లెండ్రు, తమ తరువాత ఈ కుర్చీలో ఎవరు కూర్చుందురో అను తలంపు ఇప్పుడే మొదలుపెట్టుట మంచిది.

చివరి ఏండ్లలో ఆమె ఆరోగ్యము చెడినది. విశ్రాంతికి స్వదేశమున చోటు లేకపోలేదు. ఆమె గుంటూరులోనే ఉండెను. 1930వ సంవత్సరము జూలై 26వ తేదీన, 74వ ఏట, గుంటూరులో ప్రభువునందు నిద్రించెను. అక్షరములు నేర్పుటకని పెట్టెతో ఆ ఊరిలో దిగి అప్పటికి 47వ యేడు నడుచుచుండెను. ఆసుపత్రికి ఆమె పేరు తరువాత పెట్టిరి. నేటికిని గుంటూరులో ఆ చోటు అడిగినయెడల, కుగ్లరు ఆసుపత్రి అనియే దారి చూపుదురు.